దక్షిణం దర్వాజ

నాచారంలో ఒక వీధి మూల ఇంటికి ముందు గుమ్మం లేదు. చెబితే నవ్వుతారు గానీ, నిజం. గౌతమి అత్త లక్ష్మీనర్సమ్మ పట్టుబట్టి దక్షిణం వైపు దర్వాజ పీకించేసింది. ఆ ఖాళీలో ఇటుకలు పేర్పించి సిమెంటు పూయించింది. ఇంటి నంబరు కూడా ఆ పూత కిందికి పోయింది. తూర్పున కొత్త దర్వాజ పెట్టాలి. తీరా చూస్తే మూఢం వచ్చిపడింది. మూఢంలో దర్వాజ ఎత్తకూడదట! ఇంకేముంది, ఇంటిల్లిపాదీ పక్కింటి సూర్యకళ వాకిట్లోంచి దూరి, వెనక వంటింటి తలుపులోంచి దొంగల్లా వచ్చిపోతున్నారు.

ముసలమ్మను ఆడిపోసుకోవడం తేలికే. ఆ దక్షిణం దర్వాజ పెట్టిన ఏడాదే ఆమె భర్త పోయాడు. మరుసటేడు పెద్దకొడుకు పోయాడు. అప్పటినుంచి ఆమెకు ఆ గుమ్మమంటే చచ్చేంత భయం. కోడలి జర్మనీ ఉద్యోగం కాగితాలు నెలల తరబడి ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పాకుతుంటే, "గా దర్వాజనే అడ్డం పడుతున్నది బిడ్డా" అంది. గౌతమికి అలాంటి నమ్మకాల్లేవు. అయినా సరేనంది, ఎదురు చెప్పే ఓపిక లేక.

గౌతమి ఉప్పల్‌లో ఒక దవాఖానాలో నర్సు. అక్కడ రాజీనామా ఇచ్చేసింది, ఈ నెలాఖరుతో ఆఖరు. జర్మనీలో వేళకు చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మిగిలింది కేసులేవీ లేవని ఇచ్చే పోలీసు సర్టిఫికెట్ ఒక్కటే.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి ఫోన్ చూసుకుంది. ఇంటికి విచారణకు రావలసిన పోలీసు చంద్రశేఖర్ నుంచి మిస్డ్ కాల్స్. వెంటనే చేసింది.

"ఏం మేడమ్, మీరిచ్చిన అడ్రస్‌ల ఇల్లే లేదు. గోడున్నది!"

"అదే మా ఇల్లు సార్. పక్కింట్లకెల్లి రావాలె."

"పక్కింటి నంబర్ వేరే గద మేడమ్. మీ దర్వాజ ముందట మిమ్ముల నిలవెట్టి, నంబర్ కనవడేటట్టు ఫోటో తియ్యాలె. లేకుంటే ట్యాబ్ తీస్కోదు. నేనేం జెయ్యాలె?"

"జర సూడుండ్రి సార్, మీ కాళ్లు మొక్కుత."

"సాయంత్రం రామంతాపూర్‌కెల్లి వాపస్ వస్త. దర్వాజ ఉంటే ఉన్నదని రాస్త. లేకుంటే లేదని రాస్త. ఇయ్యాల పంపాల్సిందే."

గౌతమి షేర్ ఆటో ఎక్కింది. లేదని రాస్తే మళ్లీ మొదటినుంచి మొదలు. అప్పటికి ఇక్కడి ఉద్యోగమూ ఉండదు, అక్కడిదీ ఉండదు. భర్త దయాకర్‌కు ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ షిఫ్టులో ఉండి ఎత్తలేదు. గోడ కట్టిన మేస్త్రి కొమురెల్లి ఎత్తాడు గానీ, "అన్నోజిగూడల స్లాబ్ ఏస్తున్నమక్కా, రేపొస్త" అన్నాడు. రేపు ఎవడిక్కావాలి!

ఇంటికొచ్చి అత్తకు చెప్పేసి, వంటింటి గడపలోనే కూలబడి ఏడ్చేసింది.

లక్ష్మీనర్సమ్మ మొహం పాలిపోయింది. కొంగు నడుముకు బిగించి, "గడ్డపార యాడున్నది?" అంది.

"వద్దత్తమ్మా! నీకు భయం గదా..."

"భయమే. ఇప్పటికీ భయమే. నువ్వు పక్కకు జరుగు."

ఎల్లమ్మ తల్లిని తలుచుకుంటూ తను కట్టించిన గోడను తనే పొడిచింది. మొదటి ఇటుక ఊడి బయట పడ్డప్పుడు కెవ్వుమని అరిచింది కూడా. అయినా ఆపలేదు. గౌతమి చాకుతో సిమెంటు గీకీ గీకీ ఇంటి నంబరు బయటికి తీసింది. చేతులు బొబ్బలెక్కాయి. మనిషి వంగి దూరేంత సందు అయ్యేసరికి బండి ఆగిన చప్పుడు వినిపించింది.

చంద్రశేఖర్ నోరు తెరిచాడు. "గిదేంది మేడమ్, బాంబు వడ్డదా?"

"ఇదే మా దర్వాజ సార్" అంది గౌతమి.

అతను ఆమెను చూశాడు, ఇటుకల గుట్టను చూశాడు. ఏమనుకున్నాడో ఏమో, ఆమెను నంబరు పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. ట్యాబ్ మీద వేలితో రెండు మూడుసార్లు నొక్కాడు. "ఉన్నదని రాసిన, పోయింది. ఇగ ఫికర్ వెట్టుకోకుండ్రి" అని బండెక్కాడు.

గౌతమికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. అత్తను వాటేసుకుందామని వెనక్కి తిరిగింది. లక్ష్మీనర్సమ్మ ఆ సందులో పీట వేసుకుని, వీధికి ఎదురుగా కూర్చుని ఉంది. గడ్డపార ఒళ్లో ఉంది.

"పొద్దు వోతున్నది, లోపలికి పోదాం పా అత్తమ్మా."

"రాను. నువ్వు విమానమెక్కేదాక గీడనే కూసుంట. వచ్చేదేదన్న ఉంటే దానికి ముందుగాల నేనే కనవడాలె. అది నిన్ను జూడొద్దు."

ఏ నమ్మకమూ లేని గౌతమికి, ఆ మాటతో, ఆ గుమ్మం ముందున్న వీధిని చూస్తే మొదటిసారి భయమేసింది. వెళ్లి అత్త పక్కన కూర్చోబోయింది. ముసలమ్మ భుజం పట్టుకుని గట్టిగా నెట్టింది.

"లోపలికి పో అంటున్న గదనే!"