పద్నాలుగు రోజులూ

ఎన్ని రోజులని అడుగుతుంది, అంతే కదా, పద్నాలుగు రోజులూనమ్మా అని తడుముకోకుండా చెప్పేయాలి, పిడుగురాళ్ల బస్టాండులో నరసరావుపేట బస్సెక్కి కూర్చున్న బ్రహ్మాజీ లోలోపల మళ్లీ వల్లించుకున్నాడు, పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా గుండె ఇంత దడదడలాడలేదు, బస్సు తీయడేంది ఈ డ్రైవరు, తన లారీ అయితే ఈపాటికి పేట చేరేది, సాయంత్రం అయిదుకల్లా పేర్లు తీసుకోవడం ఆపేస్తామని ఫోన్లో చెప్పింది పేట ఆసుపత్రి ప్రత్యూష, పదిరోజుల నాడు సున్నపు బట్టీల దగ్గర టీకొట్టుకు వచ్చి, దిగులు జబ్బుకు మాటలతో చేసే వైద్యం ఎంత పనిచేస్తుందో పరిశోధన చేస్తున్నామన్నా, ఆడవాళ్లు అరవైమంది చేరారు, మగవాళ్లు నలుగురే అన్న అమ్మాయి, ఈ రెండు వారాల్లో ఏ పనీ చేయబుద్ధి కాకుండా ఎన్ని రోజులున్నావన్నా అని అడిగితే, పక్కన చిన్నకోటయ్య బాబాయి కూర్చుని ఉన్నాడాయె, తనకు స్టీరింగు పట్టుకోవడం నేర్పిన మనిషి, ఆయన ముందు ఏం చెప్తాడు, ఒక్కరోజు కూడా లేదమ్మా, గుండ్రాయిలా ఉన్నా అనేశాడు, బాబాయి మీసం తుడుచుకుని, మావోడిదే నాదీ, అదే రాసుకోమ్మా అన్నాడు, అందరూ నవ్వారు, జబ్బు లేనివాళ్లను చేర్చుకోం అన్నా అని ఆ పిల్ల వెళ్లిపోయింది.

గుండ్రాయట, మొన్న రైల్వే గేటు లేచింది, వెనక హారన్లు మోగుతున్నాయి, లారీ కదిలించబుద్ధి కాలేదు, అసలెందుకు పోవాలో అర్థం కాలేదు, వెనకవాడు దిగొచ్చి తలుపు బాదేదాకా అట్లాగే కూర్చున్నాడు, భయమేసింది, ఆరునెలలుగా అన్నం మన్ను తిన్నట్టుంది, ఏందయ్యా, ఏమైందో చెప్పవేందని భార్య దుర్గ అడిగినప్పుడల్లా బీపీ అన్నాడు, ఈ చుట్టుపక్కల మగాడికి ఏమొచ్చినా బీపీయే, గేటు దాటాక తనే ప్రత్యూషకు ఫోన్ చేసి అబద్ధం చెప్పానమ్మా అన్నాడు, అయితే వచ్చి మళ్లీ చెప్పన్నా, చీటీలు తీస్తాం, అందులో వచ్చినదాన్నిబట్టి కొందరికి వారానికో గంట మాటలు, కొందరికి మామూలు మందులే అంది, ఏదొస్తే అదే, ముందు చెప్పేస్తే చాలు, ఇంతలో కిటికీలోంచి గళ్ల తువ్వాలు వచ్చి పక్క సీట్లో పడింది, ఆ తువ్వాలెవరిదో తెలిసి పైప్రాణాలు పైనే పోయాయి.

ఎక్కడికిరా బ్రహ్మాజీ అంటూ ఎక్కాడు చిన్నకోటయ్య బాబాయి, బీపీ చూపించుకుందామని బాబాయ్, మరి నువ్వు, కళ్లు మసకేస్తున్నయిరా, దారంతా ఇద్దరూ పత్తి ధర మాట్లాడుకున్నారు, పేటలో ఒకే చోట దిగారు, నువ్వు పోరా అంటే నువ్వు పో బాబాయ్ అనుకుంటూ ఒకే ఆసుపత్రి గేట్లోకి నడిచారు, ఇక్కడ కళ్ల డాక్టరు లేడే అనుకునేలోపే ప్రత్యూష ఎదురొచ్చింది, గోడ గడియారంలో అయిదుకు పావుగంట తక్కువ, బాబాయిగారిని బయట కూర్చోమననా అన్నా అంది, ఆయన ముందు చెప్తే రేపటికి బట్టీలన్నిటికీ తెలుస్తుంది, ఆయన్ను బయటికి పంపితే అదీ బీపీ లాంటి అబద్ధమే, ఉండనీలేమ్మా, పద్నాలుగు రోజులూ, ఒక్కరోజూ బాలేను అన్నాడు, గొంతు తనది కానంత పెద్దగా వచ్చింది, ఒళ్లంతా తేలికైపోయి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, బాబాయి తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టి, తలెత్తకుండా, మావోడిదే నాదీ, అదే రాసుకోమ్మా అన్నాడు, అవే మాటలు, బ్రహ్మాజీ తనకు స్టీరింగు నేర్పిన ఆ చెయ్యి పట్టుకున్నాడు, ఆనాడు టీకొట్టు దగ్గర తన అబద్ధం ఇద్దరి నోళ్లూ కట్టేసిందని, ముందు ఒకడు చెప్తే తనూ చెబుదామని ఈ పెద్దాయన అక్కడ కూడా ఎదురుచూస్తూనే కూర్చున్నాడని అప్పుడు తెలిసింది.