పదిహేడో నంబరు అతుకు

నేను ఒక ఉక్కు గొట్టం ముక్కను. ఇప్పుడు చూస్తే ల్యాబు బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరానట్టు కనిపిస్తాను. జానెడు పొడవు, రెండు వేళ్ల మందం. నడుముకు మొలతాడు కట్టినట్టు మధ్యలో ఒక వెల్డింగు అతుకు. ఆ అతుకుకు ఎడమ పక్కన ఉన్నది నేను. కుడి పక్కన ఉన్నది నేను కాదు. ఈ సంగతి తెలియక ఒక పెద్ద కరెంటు కేంద్రం రెండేళ్లపాటు నిశ్చింతగా నడిచింది. అనుమానం ఉన్న మనిషి ఒక్కడే. అతనికి ఆ రెండేళ్లూ సరిగ్గా నిద్ర లేదు.

ముందు నా పుట్టుక గురించి రెండు మాటలు చెప్పనివ్వండి. వయసు మీదపడ్డాక వంశం చెప్పుకోకపోతే తోచదు. నాలో వంద పాళ్లకు తొంభై ఆరు పాళ్లు ఇనుమే. రెండుంపావు పాళ్లు క్రోమియం, ఒక పాలు మాలిబ్డినం, ఇక కార్బన్ అంటారా, పప్పులో ఇంగువంత. ఆ కాస్తకేనా ఇంత ధర అని కొనేవాళ్లు గొణుక్కుంటారు గానీ, ఉన్నదంతా ఆ కాస్తలోనే ఉంది. క్రోమియం నా ఒంటికి వేడిలో పొలుసులు లేవకుండా చూస్తుంది. ఉక్కు లోపలంతా కంటికి ఆనని గింజలు గింజలుగా ఉంటుంది. బాగా కాగినప్పుడు ఆ గింజలు ఒకదాని మీద ఒకటి జారాలని చూస్తాయి. వాటిని జారనివ్వకుండా పట్టి ఉంచేది మాలిబ్డినం. కొలిమిలో నన్ను కాల్చి, గాలికి చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో గంటల తరబడి మగ్గబెట్టారు. అప్పుడు కార్బన్ ఆ రెండింటితో జతకట్టి కార్బైడ్లనే సన్నటి నలుసులుగా గింజల నిండా సర్దుకుంది. ఆ నలుసులు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటే నాకు అంత సత్తువ.

గోదావరి ఒడ్డున, బొగ్గు గనుల పక్కన ఉన్న ఆ కరెంటు కేంద్రంలో నన్ను మూడో యూనిట్‌కు బిగించారు. బాయిలర్‌లో పుట్టిన ఆవిరి అయిదు వందల నలభై డిగ్రీల వేడితో నాలోంచి టర్బైన్‌కు పరుగెత్తేది. వేడి బయటికి పోకుండా పైన రాతిఊలు పరుపులు చుట్టి, రేకు తొడిగి, నన్ను మరిచిపోయారు. సవ్యంగా పనిచేసేదాని వంక మనుషులు చూడరు కదా. ఏళ్లు గడిచేకొద్దీ నాలోని నలుసులు ఒకదానితో ఒకటి కలిసి గుండ్రటి పూసలై గింజల అంచులకు చేరాయి. అది వయసు, తప్పేమీ కాదు. భయపడాల్సింది ఆ తర్వాతి దశకు. పూసల పక్కన సూదిమొనంత గుల్లలు పడతాయి. గుల్లలు వరస కడితే పగులు. పగిలిందంటే ఆ ఆవిరి కంటికి కూడా కనపడదు, దాని దారిలో ఉన్న మనిషి మిగలడు.

నా కింద ఒక బెంచీ ఉండేది. చలికాలం వెచ్చగా ఉంటుందని ఆరుగురు కార్మికులు అక్కడే కూర్చుని సద్దిమూటలు విప్పేవారు.

రెండేళ్ల క్రితం, మరమ్మతుల కోసం యూనిట్‌ను ఆపే షట్‌డౌన్‌లో, నా పక్కనున్న ముక్క అరిగిపోయిందని కోసేసి, కొత్త ముక్క తెచ్చారు. తెచ్చింది స్టోరు యార్డు నుంచి. యార్డులో గొట్టాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి గనుక కొసల మీద రంగు పట్టీలు వేస్తారు. పసుపు పట్టీ ఉంటే నా జాతి, తెల్ల పట్టీ ఉంటే మామూలు ఉక్కు. ఆ ఏడు ఎవరో పెద్దమనిషి చూడడానికి వస్తున్నాడని యార్డు మొత్తానికి వెండి రంగు పూశారు. గోడలకు, గేటుకు, గొట్టాలకు, చివరికి చెత్తడబ్బాకు కూడా. పెద్దమనిషి కారు దిగకుండానే వెళ్లిపోయాడు. పోయిన పట్టీలను తర్వాత ఎవరో గుర్తున్నంతలో మళ్లీ వేశారు.

ఆ ముక్కను నాకు అతికినవాడు ఓదెలు. కాంట్రాక్టు వెల్డరు, ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేసిన చెయ్యి. అతుకు వేసే ముందు కొసలు గ్రైండర్‌తో సాపు చేయాలి. నా మీద గ్రైండరు పెడితే మసక నారింజ రంగు రవ్వలు పొడుగ్గా సాగి ఆరిపోయాయి. కొత్త ముక్క మీద పెడితే కాకరపువ్వొత్తి అంటించినట్టు తెల్లగా చిటపటలాడుతూ చీలాయి. ఓదెలు చెయ్యి ఆగింది. గ్రైండరు దించి, ఇంజనీరు ప్రభంజన్ రావు దగ్గరకు వెళ్లి, రవ్వలు వేరే తీరుగా వస్తున్నాయని చెప్పాడు.

ప్రభంజన్ రావు చెడ్డవాడేమీ కాదు. ఆ రోజు హైదరాబాద్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, కరెంటు ఎప్పుడిస్తారని. అతను ముక్క కొసను వేలితో చూపించాడు.

“పసుపు పట్టీ ఉన్నది కదా ఓదెలూ. నేను రంగును నమ్మాల్నా, నీ రవ్వలను నమ్మాల్నా?”

ఓదెలు వెనక్కి వచ్చి మళ్లీ గ్రైండరు ఎత్తాడు. రూల్ ప్రకారం రంగే నిజం. అతుకు వేశాడు. చాలా అందంగా వేశాడు, ఆ మాట నేనే చెప్పాలి. ప్రతి వెల్డరూ తన అతుకు పక్కన తన నంబరు కొట్టాలని అక్కడి కట్టుబాటు. అచ్చు నా ఒంటి మీద ఆనించి సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. పదిహేడు.

ఆ తర్వాత నా పక్కవాడి సంగతి నాకు తెలుస్తూనే ఉంది. పాపం, వాడిలో క్రోమియం లేదు, మాలిబ్డినం లేదు. నాకు అలవాటైన వేడిలో వాడు నెలనెలకూ మెత్తబడిపోయాడు. నాకు నోరు లేదు. ఓదెలుకు ఉంది గానీ, ఒక్కసారి తెరిచి మూసేసుకున్నాడు. పైకి రావాలంటే నా కిందుగా నడవకుండా చుట్టూ తిరిగి అవతలి మెట్ల నుంచి వచ్చేవాడు. బెంచీ మీది ఆరుగురిని, ఇక్కడ బూడిద పడుతుందని ఏదో వంక చెప్పి లేపేవాడు. వాళ్లు నవ్వి, మర్నాడు మళ్లీ అక్కడే కూర్చునేవారు. నిరుడు జరగాల్సిన షట్‌డౌన్‌ను ఎండలు ముదిరాయని, కరెంటు కావాలని వాయిదా వేశారు.

ఈ ఏడు నస్రీన్ వచ్చింది. కొత్తగా చేరిన ల్యాబు ఇంజనీరు. ముసలి గొట్టాల లోపలి సంగతి చూడడం ఆమె పని. మందం ఉన్నచోట అద్దంలా నునుపు చేసి, స్పిరిటులో కలిపిన యాసిడ్‌తో తుడిచి, తడిపిన పల్చటి పొరను అద్ది, ఆరాక ఒలిచి తీస్తుంది. గింజలు, నలుసులు, గుల్లలు అన్నీ ఆ పొర మీద అచ్చు పడతాయి. దాన్ని చిన్న సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంది. లోహం పేరు చెప్పే యంత్రం కూడా ఒకటి ఉండాలి, అది రిపేరుకు వెళ్లి ఆరు నెలలైంది. ఆమె చేతిలోని జాబితాలో నా పేరుంది. పక్క ముక్క కొత్తది కనుక దాని పేరు లేదు.

ఆమె నన్ను చూసి, పూసలున్నాయి గానీ గుల్లల్లేవు, ఇంకొన్నేళ్లు నడుస్తుందని రాసుకుంది. మధ్యాహ్నం మూడు గంటలు. సాయంత్రం బాయిలర్ వెలిగించాలి. ఊలు పరుపులు పట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు. ఆమె సంచీ సర్దుకుంటోంది. గ్రైండర్ పట్టుకుని ఓదెలు పక్కనే ఉన్నాడు. చెప్తే ఈ అతుకు ఎవరిదని అడుగుతారు. అతుకు పక్కన నంబరుంది. నంబరు పోతే గేటు పాసు పోతుంది, పాసు పోతే యాభై అయిదేళ్ల వెల్డరును ఎవరు పిలుస్తారు? చెప్పకపోతే కింద బెంచీ ఉంది.

“మేడమ్, మీ కాగితంల లేని జాగ ఒకటున్నది. అది సూడాలె.”

ఆమె ఎందుకని అడిగింది. అతను గ్రైండర్ ముందు నా మీద ఆనించాడు, తర్వాత పక్కముక్క మీద. మసక నారింజ, ఆ వెంటనే తెల్లటి చిటపటలు. నస్రీన్ సంచీ కింద పెట్టేసింది. పరుపులవాళ్లను ఆగమని, ఆ ముక్కను నునుపు చేయమంది. యాసిడ్‌తో తుడిచింది, పొర అద్దింది. పొర ఒలిచి సూక్ష్మదర్శినిలో ఒకటికి రెండుసార్లు చూసింది.

ఎవరు పని ఆపించారంటూ ప్రభంజన్ రావు మెట్లెక్కి వచ్చాడు. ఆమె పక్కకు జరిగి, చూడమంది. అతను వంగి చూశాడు.

“ఆ నల్లచుక్కలు గుల్లలు సార్. వరస కట్టినయి. దీనికి నేను సంతకం పెట్టను.”

అతను లేచి, ఫోను వంక చూసి, అతుకు వంక చూసి, చివరికి నా మీది నంబరు దగ్గర ఆగాడు. పదిహేడు ఎవరిదని అడగలేదు, అతనికి తెలుసు.

“నాదే సార్,” అన్నాడు ఓదెలు. “రవ్వలు సూసిన. ఒక్కసారి జెప్పిన. రెండోసారి జెప్పకపోతి.”

పసుపు పట్టీ మీద వేలు పెట్టి చూపించింది ప్రభంజన్ రావుకూ గుర్తొచ్చింది. ఆ మాట మాత్రం అనలేదు. ఫోను తీసి, యూనిట్ నాలుగు రోజుల దాకా రాదని ఎవరికో చెప్పాడు. అవతలి కేకలు నాకు కూడా వినిపించాయి. మరో చేత్తో కింద బెంచీ మీదివాళ్లను లేవమని సైగ చేశాడు. ఈసారి లేచారు.

తప్పుడు ముక్కను కోసేశారు. నమూనా కోసం అతుకుకు అటూ ఇటూ కలిపి జానెడు మేర నన్నూ కోశారు. విచారణ జరిగింది. గుర్తుల విషయంలో పొరపాటు జరిగిందని రాశారు. వెండి రంగు పూయించినవారి ఊసు గానీ, పట్టీ చూపించిన వేలి ఊసు గానీ అందులో లేదు. రంగు వేసినవాడు తన నంబరు కొట్టడు కదా. నంబరున్నది ఒక్కడికే. ఓదెలు పాసు మూడు నెలలు ఆపేశారు. నాకు మండిపోయింది. చల్లారిన ఉక్కుకు మండడం ఏమిటంటారా, మండింది.

మూడు నెలలు గడిచాక అతను ల్యాబుకు వచ్చాడు. ట్రైనింగుకు వచ్చేవాళ్లకు చూపించడానికి నస్రీన్ నన్ను నునుపు చేయించి బల్ల మీద పెట్టుకుంది. ఓదెలు కూర్చోలేదు. ఒక్కసారి లోపల చూడొచ్చా అని అడిగాడు. ఇన్నేళ్లుగా అతికిన ఉక్కు లోపల ఎలా ఉంటుందో అతను ఎన్నడూ చూడలేదు. ఆమె నన్ను సూక్ష్మదర్శిని కింద పెట్టి, సరిచేసి ఇచ్చింది. ఎడమ పక్క నా పూసలు చూశాడు. కుడి పక్కకు జరిపి, వరస కట్టిన గుల్లలను చూశాడు. ఆరుగురుండె, అని మెల్లగా అనుకుని కళ్లు తుడుచుకున్నాడు.

నస్రీన్ నంబరు మీద వేలు పెట్టి, “దీన్ని గ్రైండ్ చేయించేస్తాను ఓదెలన్నా, వచ్చిన ప్రతివాళ్లూ మీ నంబరు చూడడమెందుకు,” అంది.

ఓదెలు నన్ను రెండు చేతులతో తన వైపు తిప్పుకున్నాడు. బొటనవేలితో ఆ పదిహేడును ఒకసారి రుద్దాడు.

“ఉండనియ్యున్రి మేడమ్. నంబరు లేకపోతె, ఎవ్వడో ఒగడు జేసిండనుకుంటరు.”

ఆమె నన్ను మళ్లీ బల్ల మీద పెట్టింది, నంబరు వాకిలి వైపుకు తిప్పి.