డచెస్ మీద అనుమానం

ఆ ఉదయం లోర్నా కెస్లర్ పెరట్లోకి రావడం అది అయిదోసారి. చేతిలో కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. గూటి ముందు ఆరు కోడిపిల్లలు గడ్డి గీరుకుంటున్నాయి. వాటికి పన్నెండు వారాలు. ఆమె చూపు మాత్రం వాటిలో డచెస్ అనే పిల్లను వదలడం లేదు, అది పుంజేమోనని. దాని ఎర్ర తురాయి అన్నింటికన్నా ముందే లేచింది. గిన్నె దగ్గరికి ఇంకోటి వస్తే ఛాతీ విరుచుకుని మీదికి పోతుంది.

ఒహాయోలోని ఆ ఊళ్లో ఇంటికి ఆరు పెట్టలు పెంచుకోవచ్చు, పుంజు మాత్రం కూడదు. పక్కింటి యోలాండా రాత్రి డ్యూటీ నర్సు, పగలే ఆమెకు నిద్ర. "కూత వినపడిందంటే మునిసిపాలిటీకి ఫోన్ చేసేది నేనే లోర్నా గారూ, తర్వాత అనుకోవద్దు" అని నవ్వుతూనే చెప్పేసింది.

"ఎన్నిసార్లు చూస్తావే? నువ్వు చూస్తే పుంజు పెట్టయిపోతుందా?" అన్నాడు భర్త రస్.

"నీకేం, హాయిగా కూర్చుంటావు. ఇక్కడ నా ప్రాణం పోతోంది."

ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపి మొన్న చలికాలంలోనే మానేసింది లోర్నా. పిల్లల గోల లేని ఉదయాలు ఆమెకు అలవాటు కాలేదు. అందుకే ఈ కోళ్లు. వాటిలో బిస్కట్ అనే లేతరంగు పిల్లంటే మరీ ప్రాణం. ఆమె కూర్చోగానే ఒళ్లోకెక్కి కళ్లు మూసుకుంటుంది.

కాళ్ల లావు చూసింది, నడక చూసింది, పుంజు బెదరదంటారని టోపీ విసిరి చూసింది. ఒక్కో పరీక్షకు ఒక్కో జవాబు వచ్చింది. చివరికి ఊరి బయట పొలంలో కోళ్లు పెంచే ఎల్విన్ యోడర్‌ను రమ్మంది. శనివారం ఆ ముసలాయన బోను పట్టుకుని వచ్చాడు. డచెస్‌ను చంకలో ఇరికించుకుని తోక మొదట్లో ఈకలు విడదీశాడు.

"పెట్టేనమ్మా. గయ్యాళి పెట్ట."

లోర్నాకు ఊపిరి తిరిగింది. కానీ ఆయన చూపు ఆమె ఒళ్లో ఉన్న బిస్కట్ మీదికి జారింది.

"దాన్నోసారి ఇటివ్వు."

బిస్కట్ నడుముకు రెండు వైపులా సన్నటి ఈకలు జారుతున్నాయి.

"పెట్టకిక్కడ ఈక కొస గుండ్రంగా ఉంటుంది. దీనికి చూడు, సూదిగా ఉంది. ఇదమ్మా నీ పుంజు."

"కాదు! వట్టి పిరికిది ఇది. ఒళ్లు దిగదు."

"పిరికి పుంజులుండవా ఏంటి? నన్ను చూడలేదూ?" అన్నాడు రస్. ఎవరూ నవ్వలేదు.

"మీరు తీసుకెళ్తే కోసుకుంటారా?" ఎల్విన్‌ను అడిగింది లోర్నా.

"అయ్యో, లేదమ్మా. మా పుంజును నక్కెత్తుకుపోయింది. ఇరవై పెట్టలున్నాయి, దీన్ని ఏలుకోమంటాను. తొందరేం లేదు, నీకు వీలున్నప్పుడు తెచ్చియ్యి."

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమెకు కూర్చుంటే లేవాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. బిస్కట్ మెడ చాచిన ప్రతిసారీ కూస్తుందేమోనని పక్కింటి కిటికీ వైపు చూసేది. బుధవారం మధ్యాహ్నం అది మెట్టెక్కి, మెడ సాచి, తుప్పు పట్టిన తలుపులా ఓ విరిగిన కూత కూసింది. తన గొంతుకు తనే బెదిరి లోర్నా కాళ్ల మధ్య దూరింది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. యోలాండా నిద్రకళ్లతో కంచె దగ్గరికి వచ్చింది.

"ఫోన్ చెయ్యకండి! ఇప్పుడే తీసుకెళ్లిపోతున్నా" అంది లోర్నా.

యోలాండా ఆమె ముఖం చూసింది, కోడిని చూసింది. "దాన్ని ఒళ్లో పెట్టుకుని కారు ఎలా నడుపుతారు? ఉండండి, చెప్పులేసుకొస్తా."

దారి పొడవునా బిస్కట్ నర్సు ఒళ్లో ముడుచుకుని ఉంది. పొలంలో దింపగానే ఓ ముసలి పెట్ట దాని తల మీద పొడిచింది. అది పరుగెత్తుకొచ్చి లోర్నా బూటు పక్కన నిలబడింది.

"ఇక వెళ్లమ్మా. నువ్విక్కడున్నంత సేపూ అది కదలదు" అన్నాడు ఎల్విన్.

ఆమె కారెక్కింది. గేటు దగ్గర ఆపి దిగింది, మళ్లీ ఎక్కింది.

"ఏం చేస్తోంది?" అంది, అద్దంలోకి చూసే ధైర్యం లేక.

యోలాండా వెనక్కి తిరిగి చూసింది. "మట్టి గీరుతోంది. పోనివ్వండి."