టేపు చేతికొచ్చిన రోజులు

హుక్కులు కుట్టేటప్పుడు నన్నెవరూ పలకరించకూడదు. నోట్లో హుక్కులు పట్టుకొని ఉంటానని కాదు, అది నా సొంత సమయమని. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతాయి, మనసు తనకిష్టమైన చోటికి పోయి కూర్చుంటుంది. ఈ మధ్య ఎప్పుడు చూసినా ఆ పాత దుకాణం వెనక గదికే పోతోంది. రేకుల కప్పు, మూలకు మంచినీళ్ల కుండ, నేల మీద గుడ్డపేలికలతో కుట్టిన బొంత, ఆ బొంత మీద కాళ్లు చాపుకొని పల్లీలు ఒలుస్తూ జోగులమ్మ. అన్నీ మధ్యాహ్నాలే. అవి మళ్లీ రావు కదా అనుకుంటే ఇప్పటికీ దుఃఖమొస్తుంది.

ఊరి పేరు చెప్పను. గద్వాలకూ అయిజకూ మధ్య బస్సు ఆగే చిన్న బజారు ఊరు అనుకోండి. నేను పుట్టింది పెబ్బేరులో, సంతకు వచ్చే ఎడ్ల గంటలు వింటూ పెరిగాను. ఇంటర్ చదివేటప్పుడు చుడీదార్లు వేసుకునేదాన్ని. మహిపాల్‌ను చేసుకొని ఈ ఊరొచ్చిన వారానికే మా అత్త కిష్టమ్మ వాటిని పెట్టెలో వేసి తాళం పెట్టింది. "పెండ్లైన ఆడిది చీరెల ఉండాలె. చుట్టుపక్కలోళ్లు ఏమనుకుంటరు?" అంది. ఆ చుట్టుపక్కలవాళ్లు ఎవరో ఇంతవరకూ నాకు ఎదురుపడలేదు.

మా ఆయన దర్జీ. టేపు ఆయనది, కత్తెర ఆయనది, మిషన్ ఆయనది. కాజాలు, హుక్కులు, అంచులు మడిచి కుట్టే తురుపాయి, ఇస్త్రీ నావి. పొద్దున లేచి జొన్నరొట్టెలు చేసి, అత్తకు నీళ్లు కాచి, అంట్లు తోమి, దుకాణానికి పోయి ఆయన వెనక చాప మీద కూర్చునేదాన్ని. "మీ ఇంటామె ఏం చేస్తది?" అని ఎవరైనా అడిగితే, "ఏం చేస్తది, ఇంట్ల ఖాళీగనే ఉంటది" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు నేను ఆయన వెనకే కాజా కుడుతూ ఉండేదాన్ని. కటింగ్ నేర్పమని ఎన్నిసార్లు అడిగానో. "ఆడోళ్ల చేతికి కత్తెర ఇస్తే గుడ్డ ఖరాబ్" అని నవ్వేవాడు. ఇంతా చేస్తే ఆయన కుట్టేది ఆడవాళ్ల జాకెట్లే.

జోగులమ్మ అట్లాంటి రోజుల్లో వచ్చింది. గట్టు మండలం దిక్కు మెట్ట రైతుల ఇంట్లో పుట్టింది. కురుమూర్తి స్వామికి మొక్కుకుంటే కలిగిన మగపిల్లవాడని కురుమూర్తి అని పేరు పెట్టారట. మీసాలు వచ్చే వయసుకు తాను మగవాడు కాదని ఆమెకు తెలిసిపోయింది, ఇంట్లో వాళ్లకు కూడా తెలిసిపోయి కట్టెతో కొట్టారు. ఇల్లు విడిచి, తనలాంటి వాళ్లతో కలిసి బస్టాండు వెనక గదిలో ఉంటూ, అలంపురం అమ్మవారి పేరు తనే పెట్టుకుంది. ఆ రోజు ఒక జాకెట్ గుడ్డ చంకలో పెట్టుకొని గడప బయటే నిలబడింది. మహిపాల్ ఆమెను పైకీ కిందికీ చూసి, మెడలో టేపు తీసి నా ఒళ్లోకి విసిరాడు.

"నేను ముట్ట. నువ్వే తీస్కపో కొలతలు" అన్నాడు.

అసహ్యంతో విసిరాడు. కానీ టేపు టేపే కదా, ఎట్లా వచ్చినా చేతికి వచ్చింది! వెనక గదిలోకి తీసుకుపోయి ఆమె భుజం మీద టేపు పెట్టబోతే అది రెండుసార్లు జారి కింద పడింది.

"అక్కా, నాకంటె నువ్వే పరేషాన్ అయితున్నవేంది? భుజం కాడికెల్లి మొదలువెట్టు" అంది.

ఆ గుడ్డ కోయడం కూడా నా మీదే వదిలేశాడు మా ఆయన. పాడైతే పాడైంది, ఎవరు అడుగుతారని. పాడు కాలేదు కానీ చంకల దగ్గర బిగుసుకుపోయింది. విప్పి కుట్టాను. మళ్లీ బిగిసింది. మళ్లీ విప్పాను. వేరే ఎవరైనా అయితే మొహం మీద కొట్టి పోయేవాళ్లు. "మంచిదే తియ్, ఇంకోసారి వచ్చి కూసుండొచ్చు" అని నవ్వింది జోగులమ్మ. ఆ వెడల్పు భుజాల మీదే నేను కటింగ్ నేర్చుకున్నాను. తర్వాత తర్వాత ఊళ్లో ఆడవాళ్లు "నీ పెండ్లాన్ని తీసుకోమను కొలతలు" అని మహిపాల్‌తోనే చెప్పేవాళ్లు. పెళ్లానికి పని నేర్పిన ఘనత కూడా ఆయన ఖాతాలోనే పడింది.

మధ్యాహ్నం ఆయన భోజనానికి పోయి ఒక కునుకు తీసి వచ్చేదాకా దుకాణం నాది. జోగులమ్మ పల్లీలు తెచ్చేది, నాతోపాటు హుక్కులు కుట్టేది. చీర గురించి ఆమె మాట్లాడితే వినాలి. నాకు చీర కట్టుకోవడమంటే పొద్దున్నే మొదలయ్యే మరో పని. నీళ్లు తోడేటప్పుడు కొంగు తడుస్తుంది, పొయ్యి దగ్గర భయం, బస్సెక్కేటప్పుడు కాళ్లకు అడ్డం. ఆమె మాత్రం కుచ్చిళ్లు పెట్టుకుంటూ తనలో తనే నవ్వుకునేది. "నీకు ఏ రంగు ఇష్టమక్కా?" అని అడిగింది ఒకసారి. నేను ఊళ్లో అందరి రంగులూ చెప్పగలను, ఎవరికి ఏది నప్పుతుందో చెప్పగలను. నా రంగు మాత్రం నాకే తెలియదు. అంతకుముందు ఎవరూ అడగలేదు మరి.

మిగిలిన గుడ్డలతో నాకు నేనే ఒక చుడీదారు కుట్టుకున్నది ఆ గదిలోనే. చేతులొక రంగు, ఒళ్లొక రంగు. జోగులమ్మ తలుపుకు వీపు ఆనించి కాపలా కూర్చుంది, నేను తొడుక్కున్నాను. గది ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాను. దుకాణం ముందు చెప్పుల చప్పుడు వినిపిస్తే ఇద్దరం ఎగిరిపడ్డాం, నేను తిప్పలు పడి చీర చుట్టుకున్నాను, తీరా చూస్తే ఎవరో కాదు, మేక. ఎంత నవ్వామో. నా పెళ్లి తర్వాత అంత నవ్వు అదే.

కృష్ణా పుష్కరాలు వచ్చిన ఏడు కొత్త ఎస్సై వచ్చాడు. పుష్కరాలకు జనం వస్తారు, ఊరు మంచిగా కనిపించాలన్నాడు. బస్టాండు వెనక గదిలో వాళ్లందరినీ స్టేషన్‌కు పిలిపించి పేర్లు రాసుకున్నాడు, తల్లిదండ్రులు పెట్టిన మగ పేర్లు. నిజాం కాలం నాటి చట్టం ఒకటి మా తెలంగాణ ప్రాంతంలో ఇంకా బతికే ఉందట. అట్లా పేరు ఎక్కినవాళ్లు ఆడవాళ్ల బట్టల్లో, నగల్లో బజారులో కనిపిస్తే చాలు, వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చట, రెండేళ్లదాకా జైల్లో వేయవచ్చట. నిజాములు పోయారు, పటేళ్లు పోయారు, ఈ చట్టం మాత్రం ఎవరి కంటా పడకుండా ముసుగు తన్ని పడుకుంది. మా ఇంట్లో చట్టం నేను చీర తప్ప ఇంకోటి కట్టకూడదంటుంది. సర్కారు చట్టం ఆమె చీర కట్టనే కూడదంటుంది. మా ఇద్దరి ఒంటి మీద బట్ట గురించి అందరికీ ఇంత ఆలోచన ఎందుకో!

పచ్చ చీర కట్టుకొని, కుట్టిన జాకెట్ తీసుకుపోవడానికి వచ్చిన రోజు, మా దుకాణం మెట్టు దిగుతుంటే ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకున్నారు. చూసింది నేనొక్కదాన్నే. జీపెక్కిస్తుంటే ఆమె వెనక్కి తిరిగి "అక్కా, జాకెట్ మంచిగ కుదిరింది" అంది. ఆ మాట నాకు ధైర్యం చెప్పడానికే అన్నదని నాకు తెలుసు.

యాసిన్ వకీల్ సాబ్ మా వీధిలోనే ఉండేవాడు. నేను పోయి చెబితే ఆమెకు బెయిలు ఇప్పించి, మా ఇద్దరినీ ఆఫీసులో కూర్చోబెట్టి నా వైపు తిరిగాడు. "సౌందర్యమ్మా, ఒక్క మాట చాలు. అంగీ, లుంగీల వచ్చిండు అను. పోలీసోళ్లు చీరె జప్తు చెయ్యలే. కేసు నిలవది" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

జోగులమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "అట్లయితే ఇయ్యాల బయటపడ్త సార్. రేపు చీరె కట్టుకొని బజార్లకు వస్తే? మళ్ల లుంగీ అనే చెప్తరా? నేను సచ్చేదాక అక్క అబద్ధాలాడాలెనా? చీరె కట్టుకున్న, ఇంకా కట్టుకుంట. గా చట్టమే తప్పని చెప్పుండ్రి."

"జైలుకు గూడ పోవచ్చు బిడ్డా."

"తెల్సు సార్."

వకీల్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గట్లయితే నిజం చెప్పే సాక్షి గావాలె. చీరెల వచ్చింది, ఎవ్వరికేం చెయ్యలే, తన పని మీద తను వచ్చిందని. గా మాట పట్టుకొని పైకోర్టుదాక కొట్లాడొచ్చు" అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు.

వచ్చిండు, వచ్చింది. ఎంత తేడా ఉందని? మన భాషలో ఆడమనిషి వచ్చినా వచ్చింది, బర్రె వచ్చినా వచ్చింది, బస్సు వచ్చినా వచ్చింది. మగవాడికి మాత్రం వేరే పీట వేసి "వచ్చిండు" అంటాం. ఆ పీట నాకొద్దు, నేను మీ వరసలో, మీ బర్రెల పక్కనే నిలబడతానని పట్టుబట్టిన మనిషి జోగులమ్మ. దానికి జైలా! ఇంటికి పోయేదాకా ఈ ఆలోచనే. నాకు నవ్వూ వచ్చింది, మంటా వచ్చింది.

ఇంట్లో మహిపాల్ అన్నం ముందు కూర్చుని "అది నీకేమైతది?" అన్నాడు. ఏమవుతుందని చెప్పను? టేపు నా చేతికి రప్పించిందని చెప్పనా? రంగు అడిగిందని చెప్పనా? "కోర్టు బోను ఎక్కితివా, మళ్ల నా దుకాణం గడప తొక్కకు" అన్నాడు. "మొగడు వద్దన్నంక ఆడిదానికి కోర్టేంది?" అంది అత్త. నేను పులుసు వడ్డించాను. టేపు గుంజుకోగలడు, కత్తెర గుంజుకోగలడు, చేతికొచ్చిన పని గుంజుకోలేడు కదా అని వడ్డిస్తూనే లెక్క వేసుకున్నాను. అయినా భయం వేసింది. ఆ వెనక గది పోతే నాకు ఈ భూమ్మీద ఇంకో గది లేదు.

కేసు ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి ఊరించే అలవాటు నాకు లేదు. వాయిదాల మీద వాయిదాలు పడి, పట్టుకున్న కానిస్టేబుళ్లే రాకుండా పోయి, కొన్నేళ్లకు దానంతట అదే మూతపడింది. చట్టం మూతపడలేదు. దాన్ని తీసేయించడానికి హైదరాబాదులో కొట్లాడుతున్న తనలాంటి వాళ్ల దగ్గరకు జోగులమ్మ వెళ్లిపోయింది. ఫోన్ చేస్తుంది. "పోయిందా చట్టం?" అని నేను మొదలుపెడతాను. "యాడవోతదక్కా, ముసలిది, పానం గట్టిది. ఇడిసిపెట్టం" అంటుంది. మహిపాల్ అన్నంత పనీ చేశాడు. నేను బస్టాండు ఎదురుగా ఒక చిన్న మడిగె అద్దెకు తీసుకొని నా సొంత దుకాణం పెట్టుకున్నాను, నా వెనకే సగం ఊరి ఆడవాళ్లు వచ్చారు. మడిగె బాగుంది, గాలీ వెలుతురూ ఉన్నాయి. తలుపుకు వీపు ఆనించి కూర్చునే మనిషి మాత్రం లేదు.

కానీ సాక్ష్యం చెప్పిన రోజు పొద్దున ఇవేవీ నాకు తెలియవు. పని అంతా ముగించి, చెప్పులు వేసుకొని నడిచి కోర్టుకు పోయాను. జోగులమ్మ తనకున్న వాటిలో మంచి చీర కట్టుకొని వచ్చింది. బోనెక్కి చూస్తే తలుపు దగ్గర మహిపాల్ నిలబడి ఉన్నాడు.

సర్కారు వకీలు తాపీగా లేచాడు. "ముద్దాయి కురుమూర్తి ఆ రోజు మీ ఆయన దుకాణానికి వచ్చినాడా?"

"కురుమూర్తి అనేటాయన రాలే సార్. జోగులమ్మ వచ్చింది."

"చీర కట్టుకొనా?"

జోగులమ్మ వైపు చూశాను. తల ఊపింది.

"అవు సార్, పచ్చ చీరె. కుట్టిన జాకెట్ తీస్కపోనీకి వచ్చింది. ఎవ్వరి జోలికి పోలే."

"ముద్దాయి ఆడదేనని మీరెట్లా చెబుతారు? చూశారా?"

హాలంతా నవ్వింది. జోగులమ్మ తల దించుకుంది. అంతసేపూ ఉన్న భయం ఎటు పోయిందో, నాకు తిక్కరేగింది.

"నా తాన జాకెట్ కుట్టించుకునేటోళ్లను ఎవ్వరినీ గా మాట అడగలే సార్. మీ ఇంటామెకు గూడ నేనే కుడుత. ఆమెను గూడ అడగలే."

నవ్వు ఆగిపోయింది. వకీలు మొహం ఎర్రబడింది. కాయితాలు అటూ ఇటూ తిప్పాడు. "నా తాన అంటున్నారు. దుకాణం బోర్డు మీద మహిపాల్ అని రాసుంది. పోలీసు రికార్డులో కురుమూర్తి అని రాసుంది. రాసి ఉన్నదాన్ని కాదంటారా?"

తలుపు దగ్గర మహిపాల్ వద్దని చెయ్యి ఊపుతున్నాడు.

"కాదంట సార్" అన్నాను. "రెండూ మమ్ముల అడగకుండనే రాసిండ్రు."