స్విలెన్ పేరు తీసేసిన వారం

మంగళవారం పొద్దున మేనేజరు బొయాజియెవ్ తన గదిలోకి పిలిచి తలుపు వేసినప్పుడే రాదొస్తీనాకి ఏదో తేడాగా అనిపించింది. ఆ ఆఫీసులో తలుపులు వేసుకుని మాట్లాడుకునే అలవాటు ఎవరికీ లేదు.

రూసే ఊళ్ళో రేవుకి దగ్గరగా ఉన్న చిన్న సంస్థ అది. బేకరీలు, టాక్సీ కంపెనీలు, పళ్ళ డాక్టర్లు, అందరి కంప్యూటర్ పనీ వీళ్ళ సర్వర్ల మీదే నడుస్తుంది. ఒక్కో పెద్ద సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా పనిచేసే బోలెడన్ని వర్చువల్ మెషీన్లు. వాటన్నిటినీ ఒకే చోటి నుంచి కనిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది.

"ఆ సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ స్విలెన్ లాగిన్‌తోనే సర్వర్లలోకి వెళ్తోంది కదూ?" అన్నాడు బొయాజియెవ్.

"అవునండీ, మొదట్నించీ అంతే."

"దానికి వేరే లాగిన్ పెట్టు. ప్రతి సర్వర్ మీదా పెట్టి, పనిచేస్తోందో లేదో చూడు. శుక్రవారం మధ్యాహ్నానికి స్విలెన్ పేరు మీద ఏదీ నడవకూడదు." కాసేపు బల్ల మీది పెన్ను అటూ ఇటూ తిప్పాడు. "ఆ రోజు అతన్ని పంపించేస్తున్నాం. సోఫియాలోని పెద్ద కంపెనీ వాళ్ళు మనల్ని కొనుక్కున్నారు, ఈ పనికి ఇద్దర్ని పెట్టుకోవడం ఎందుకంటున్నారు. నువ్వు ఉంటావు. ఈలోపు ఒక్క మాట కూడా బయటికి పోకూడదు."

ఏదో ఒకటి అనాల్సింది. "పగలే చేసుకోవచ్చా, సాయంత్రాలు చేయాలా?" అని మాత్రం అడిగింది రాదొస్తీనా. గది బయటికొచ్చాక, ఆ మాట నిజంగా తనే అడిగిందా అని తనకే అనుమానమొచ్చింది.

స్విలెన్‌కి యాభై దాటాయి. సెల్‌ఫోన్ల కొట్టులో కవర్లు అమ్ముకుంటున్న రాదొస్తీనాని ఈ పనిలోకి తెచ్చింది ఆయనే. సర్వర్ అంటే ఏమిటో తెలియని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, విసుక్కుంటూ, వెక్కిరిస్తూ అన్నీ నేర్పాడు. ఆమె అన్నా అంటుంది, ఆయన రాదీ అంటాడు.

బుధవారం ఆమె కొత్త లాగిన్ తయారుచేస్తుంటే, పక్క కుర్చీలో ఆయనకి ఫోనొచ్చింది.

"వద్దురా బాబూ. ఇక్కడ నాకేం తక్కువ? మా ఆవిడ పెంకా ఆ తోట వదిలి రాదు... లేదు, ఇదే ఆఖరి మాట. ఇంకెవరినైనా చూసుకో." ఫోన్ పెట్టేసి నవ్వాడు. "సైన్యంలో నాతో ఉన్నవాడు. వర్నా రేవులో సర్వర్లు చూసుకునే పనుంది, రమ్మని ఏడాదిగా ప్రాణాలు తోడేస్తున్నాడు. ఇవాళ గట్టిగా చెప్పేశా."

రాదొస్తీనా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. "మంచి పనేనేమో అన్నా. ఇంకోసారి ఆలోచించాల్సింది."

"ఏం, నన్ను తరిమేసి ఈ కిటికీ పక్క చోటు కొట్టేద్దామనా?"

ఆయన పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

శుక్రవారం పొద్దున పరీక్ష మొదలుపెట్టింది. సర్వర్ల పేర్ల పక్కన ఒక్కొక్కటిగా పచ్చ చుక్కలొచ్చాయి. ఒక్కదాని దగ్గర మాత్రం ఎర్రది. పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టింది, అయినా ఎర్రదే. కాగితంలో చుట్టిన వేడి బానిత్స రొట్టె ఆమె ముందు పెడుతూ స్విలెన్ తెరలోకి వంగి చూశాడు.

"లోపలికి వెళ్తోంది గానీ మెషీన్లు కనబడట్లేదా? జరుగు." రెండు క్షణాల్లో పట్టేశాడు. "ఇదిగో, ఈ గడిలో టిక్కు పెట్టలేదు. పైన ఇచ్చిన హక్కు కిందికి చేరట్లేదు. వీధి తలుపు తీసి గదులన్నిటికీ తాళాలేసినట్టు. ఇన్నేళ్ళు నేర్పింది ఇందుకా మొద్దూ! ఇంతకీ నా లాగిన్‌కి ఏమొచ్చింది?"

"తనిఖీ వాళ్ళు అడిగారన్నా. మనిషి పేరుతో ఉండకూడదట."

అబద్ధం తడుముకోకుండా వచ్చేసింది.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి! ఎప్పట్నించి మొత్తుకుంటున్నా బొయాజియెవ్‌కి. సెలవుల్లో సముద్రంలో మొలలోతు దిగినా ఫోన్ మోగుతుంది నాకు." టిక్కు పెట్టాడు, చుక్క పచ్చబడింది. అయినా కీబోర్డు వదల్లేదు. "ఇది పరీక్షే కాదు రాదీ. ఎక్కడో లోపల ఇంకా నా పాస్‌వర్డే వాడుకుంటుంటే? నాది ఆపేసి చూడాలి."

"తర్వాత చేద్దాం అన్నా." ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"భయమెందుకే, పక్కనే ఉన్నాగా!"

ఒక్కో సర్వర్ మీదా తన పేరు తనే ఆపేసుకుంటూ పోయాడు. ఆఖర్న మళ్ళీ పరీక్ష నడిపాడు. అన్నీ పచ్చగా వచ్చాయి. "చూశావా! నేను లేకపోయినా ఏమీ ఆగదు," అని చప్పట్లు కొట్టి, ఆమె తినని బానిత్సలో సగం తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

భోజనాలయ్యాక బొయాజియెవ్ ఆయన్ని పిలిచాడు. తిరిగొచ్చినప్పుడు స్విలెన్ కూర్చోలేదు.

"నీకు తెలుసా?"

"మంగళవారం నుంచి," అంది తల దించుకుని.

"నేను వర్నా వాడితో మాట్లాడేటప్పటికి?"

"తెలుసు."

ఆయన తన కప్పు తీసుకుని, అందులో అడుగున మిగిలిన కాఫీని చెత్తబుట్టలో ఒంపాడు. "చెప్పుంటే నేనేం గొడవ చేసేవాణ్ణి కాదే. ఆ ఎర్రదాన్ని కూడా బాగుచేసే పోయేవాణ్ణి. వాడికి మాత్రం వస్తానని చెప్పేవాణ్ణి. అంతే."

"ఇప్పుడైనా ఆయనకి ఫోన్ చేయండన్నా, మీకు పుణ్యముంటుంది."

పెరట్లోకి వెళ్ళి చేశాడు. కిటికీలోంచి ఆమెకి ఆయన వీపు మాత్రం కనిపించింది. మాట్లాడింది కొంచెమే. లోపలికొచ్చి, "ఆ పని నిన్న ఎవరికో ఇచ్చేశాడట," అన్నాడు. సామాను పెట్టె ఆమే మోసుకెళ్ళి కారులో పెట్టింది. ఆయన ఆపలేదు, వెళ్ళొస్తానని కూడా అనలేదు.

ఆమెకి జీతం పెరిగింది. తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా స్విలెన్ ఎత్తలేదు. బావమరిది కొట్టులో ప్రింటర్లు బాగుచేస్తున్నాడని ఎవరో చెప్పారు.

ఆకురాలే రోజుల్లో ఒక శనివారం, బజారులో ఎర్ర మిరపకాయల బస్తాల దగ్గర పెంకా ఎదురైంది. తప్పించుకుందామనుకునేలోపే వచ్చి కావలించుకుంది.

"ఏమే, మమ్మల్ని మర్చిపోయావా? ఆ రోజు ఒక్కరూ లేచి పలకరించలేదట ఆయన్ని. రాదీ మాత్రం పెట్టె కారుదాకా మోసిందని చెప్పాడు. అలాంటి పిల్ల దొరకడం నీ అదృష్టమని ఆయనతో అన్నాను." సంచిలోంచి ఒక సీసా తీసింది. "మొన్ననే చేశాను ల్యూతెనిత్స పచ్చడి. చెల్లెలికని తెచ్చాను, దానికి మళ్ళీ ఇస్తాలే. నువ్వు పట్టుకెళ్ళు."

"వద్దు వదినా."

"నోర్మూసుకుని తీసుకో. ఎంత చిక్కిపోయావో చూసుకున్నావా?"

తనకి ముందే తెలుసన్న సంగతి ఆయన చెప్పలేదన్నమాట. రాదొస్తీనా నోరు తెరిచింది. పెంకా ఆమె ముఖంలోకే చూస్తోంది, నవ్వుతూ, అరచేతిలో సీసా చాపి.

తీసుకుంది. "అన్నని అడిగానని చెప్పండి," అంది.

"నువ్వే వచ్చి చెప్పరాదూ, ఆదివారం ఇంట్లోనే ఉంటాడు," అంటూ పెంకా మిరపకాయలవాడితో బేరానికి తిరిగింది.