మూడు పనుల యంత్రం

ఔలిస్ మొదటి నుంచీ మాటలు తక్కువ మనిషే. ఒకనాడు పడవలో వెళ్తుండగా, పెళ్ళి చేసుకుందామా అని అడిగింది హెల్వియే. అతను బదులు చెప్పలేదు. తెడ్డు అందుకుని పడవను ఒడ్డు దాకా తెచ్చాడు. అంటే సరేనన్నమాట. వాళ్ళ ఊరు కౌహవాలో అందరి లెక్కా అంతే. వద్దనుకుంటే నోరు తెరిచి వద్దంటారు, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు.

పోయిన చలికాలం పక్షవాతం వచ్చి ఔలిస్‌కు కుడి చెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. తల ఊపుతాడు గానీ, కాఫీ కావాలా అన్నా వద్దా అన్నా ఒకేలా ఊపుతాడు. బతుకంతా ఇళ్ళ కప్పులకు రేకులు వేసినవాడు కిటికీ దగ్గర కూర్చుని ఎదురింటి కప్పు చూస్తుంటాడు. చేతికి పని ఉంటే మనసు నిలబడుతుందని డాక్టరమ్మ అంది. అందుకే హెల్వి అతన్ని రైమో కొట్టుకు తీసుకువెళ్ళింది. రైమో ఒకప్పుడు ఔలిస్‌తో పాటు కప్పులెక్కినవాడే. మోకాళ్ళు పోయాక పనిముట్ల కొట్టు పెట్టాడు.

"ఏరా ఔలిస్, ఇవాళ కూడా వాగి వాగి నా బుర్ర తింటావా?" అన్నాడు రైమో అలవాటు కొద్దీ. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

కావలసింది రేకును కోసి, వంచి, గుండ్రంగా చుట్టే యంత్రం. ఇంటి షెడ్డులో మూడింటికి విడివిడిగా చోటు లేదు. కొట్లో అలాంటివి రెండున్నాయి. చిన్నదాన్ని బల్లకు బిగించుకోవచ్చు, జానెన్నర వెడల్పు రేకు పడుతుంది. పెద్దది నేల మీద నిలబడేది, మీటరు వెడల్పు రేకు పడుతుంది.

"చిన్నదైతే ఒంటి చేత్తో లాగొచ్చు వదినా. సమాధుల దగ్గర పెట్టే దీపాల గూళ్ళు చేసుకుంటాడు. పెద్దదానికి ఒకరు రేకు పట్టాలి, ఒకరు పిడి లాగాలి."

"మరి పెద్దది దేనికి?"

"కప్పు రేకులకి." రైమో గొంతు తగ్గించాడు. "వాడి పని అదే కదా."

"గుసగుసలెందుకు? ఆయన చెవులు బాగానే ఉన్నాయి."

హెల్వికి దారి తోచలేదు. చిన్నది కొంటే నీ పని అయిపోయిందని మొహం మీద చెప్పినట్టు. పెద్దది కొంటే వెక్కిరించినట్టు.

"ఔలిస్, చిన్నది తీసుకుందామా?"

అతను ఊరుకున్నాడు.

"సరేనంటున్నాడు," అన్నాడు రైమో.

"పోనీ, పెద్దదా?"

అతను అలాగే ఊరుకున్నాడు. రైమో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

చివరికి చిన్నదే కొన్నారు. రైమో వచ్చి షెడ్డులో బల్లకు బిగించి, "నచ్చకపోతే మార్చేస్తాను వదినా, రంగు గీసుకుపోకముందే చెప్పు," అని వెళ్ళాడు. హెల్వి సన్నటి రేకు ముక్క యంత్రం దవడల మధ్య పెట్టింది. ఔలిస్ ఎడమ చెయ్యి పిడి మీద వేశాడు. లాగలేదు. తియ్యనూ లేదు.

"తిరిగి ఇచ్చేద్దామా?"

జవాబు లేదు.

"ఉంచుకుందామా?"

దానికీ లేదు.

ఆమె బయటికొచ్చి గడప మీద కూర్చుని చేతులు జోడించింది. ప్రభువా, ఆయనకు మాట ఇవ్వమని అడిగాను, చెయ్యి ఇవ్వమని అడిగాను. నువ్వు ఊరుకున్నావు. ఊరుకున్నావు గనక సరేనన్నావనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది సరేననడమేనా? తప్పుగా అడుగుతుంటే మన్నించు. నాకు తెలియడం లేదు.

ఫోను మోగింది.

"వాడేమన్నాడు వదినా?"

"ఏమీ అనలేదు."

"అయితే ఉంచుకున్నట్టేలే," అని రైమో ఫోను పెట్టేశాడు.

లోపల ఔలిస్ చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. చలికి వేళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె ఉన్ని తొడుగు తెచ్చి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, తొడిగి, చేతిని అతని ఒళ్ళో పెట్టింది. మళ్ళీ పిడి మీదికి వెళ్తుందేమోనని చూసింది. అది ఆమె పెట్టిన చోటే ఉండిపోయింది.