పల్చన చేసిన అంబలి

కలరా వచ్చిన ఆరో వారానికి ఫలేసికి మనుషుల పేర్లు గుర్తుండటం మానేశాయి. ఎవరినైనా మంచం నంబరుతోనే గుర్తుపట్టేది. చిల్వా సరస్సు ఒడ్డున తొమ్మిది ఊళ్ళకు ఆమె ఒక్కతే ఆరోగ్య కార్యకర్త. పద్దెనిమిదేళ్ళ నుంచీ పిల్లల టీకాలూ బాలింతల బరువులూ చూసుకుంటూ వచ్చిన మనిషి, ఇప్పుడు అవన్నీ పక్కన పడేసి ఒకటే పని చేస్తోంది. పొద్దున్నే బడి ఆవరణలో వేసిన డేరాకు వెళ్ళడం, కొత్తగా వచ్చినవాళ్ళను ఏం తిన్నారు, ఎక్కడ తాగారు అని అడగడం, తర్వాత వాళ్ళ ఇళ్ళకు పోయి క్లోరిన్ నీళ్ళు చల్లడం. చేతుల మీద తోలు తెల్లగా పొరలు పొరలుగా లేచిపోతోంది. ఇంటికి వచ్చి మొగుడు వండిన పిండి ముద్ద ముందు కూర్చుంటే అందులోనూ క్లోరిన్ వాసనే.

ఆ సోమవారం ఒక్కరోజే పదకొండుమంది వచ్చారు. మంచాలు చాలక ఇద్దరిని బల్లల మీద పడుకోబెట్టారు. ఫలేసి కాగితం తీసి వరసగా అడుగుతూ పోయింది. నలుగురిది నమాంజా రేవు, ముగ్గురిది కొండవైపు ఊరు, మిగతావాళ్ళది తలో చోటు. బావి ఒకటి కాదు, వంట ఒకటి కాదు, ఏ చావు ఇంటికీ కలిసి వెళ్ళలేదు. అయిదో మంచం మీద లజబు అనే జాలరి ఉన్నాడు. కళ్ళు లోతుకు పోయి, గొంతు పీలగా అయిపోయింది గానీ నోరు మాత్రం ఊరుకోలేదు.

"మళ్ళీ అడుగుతావేంటమ్మా. గురువారం సంతకొచ్చాను. చేపలమ్మాను. ఎండకి తట్టుకోలేక మీ స్నేహితురాలి దగ్గర రెండు చెంబులు తోబ్వా తాగాను. అంతే. ఆ తర్వాత నా కడుపు నా మాట వినలేదు."

ఫలేసి కలం ఆగిపోయింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ ఒక్కొక్కరినీ అడిగింది. గురువారం సంతకు వెళ్ళారా? వెళ్ళారు. తోబ్వా తాగారా? పదకొండుమందిలో తొమ్మిదిమంది తాగారు. తాగింది కూడా మధ్యాహ్నం దాటాకే.

తోబ్వా అమ్మేది అబీటి జఫాలి. మొక్కజొన్న పిండి కాచి, మొలకెత్తిన చిరుధాన్యం కలిపి, ఒక రాత్రి నిలవ ఉంచితే తియ్యగా తయారయ్యే అంబలి అది. మొగుడు పోయాక ఆ అంబలి మీదే ముగ్గురు పిల్లలను పెంచింది. ఫలేసి రోజూ పొద్దున డేరాకు పోతూ ఆమె గుమ్మం దగ్గర ఆగి ఒక చెంబు తాగేది. ఆ చెంబు కోసమే ఆగేదని చెప్పలేం. ఆరు వారాలుగా ఆమెను ఏమీ అడగకుండా కూర్చోబెట్టే మనిషి అబీటి ఒక్కతే.

ఆ మధ్యాహ్నమే వెళ్ళింది. అబీటి పెరట్లో పెద్ద కుండను బూడిద పెట్టి తోముతోంది. సంగతి విని తోమడం ఆపలేదు.

"రెండు గంటలు కుతకుతా ఉడికిస్తాను ఫలేసీ. అందులో ఏ పురుగు బతుకుతుంది? నువ్వు రోజూ తాగుతున్నావు కదా, నీకేమైంది?"

అదే ఫలేసి కూడా దారంతా ఆలోచించింది. పొద్దున చిక్కగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండకు ఇంకా గట్టిపడుతుంది కదా, అప్పుడేం చేస్తావని అడిగింది.

అబీటి చెయ్యి ఆగింది. "నీళ్ళు కలుపుతాను."

"ఎక్కడి నీళ్ళు?"

ఊరి చేతిపంపు పిడి విరిగి నాలుగు నెలలైంది. రెండో పంపు దగ్గరికి పోతే సగం రోజు వరసలోనే పోతుంది. సంత రోజున అంత తీరిక ఎవరికుంటుంది? రెల్లుపొదల పక్కన ఎవరో తవ్విన చెలమ ఉంది, అక్కడినుంచి తెచ్చానని చెప్పింది. ఆ చెలమకు పైనే జాలర్లు పడవలు దిగి పొద్దున్నే బయటికి కూర్చునే చోటు. వాన పడితే అదంతా ఎటు జారుతుందో ఇద్దరికీ తెలుసు.

"బుధవారం నీ దగ్గరికి క్లోరిన్ సీసా కోసం వచ్చాను," అంది అబీటి, ఆమె మొహం చూడకుండా. "అయిపోయింది, శుక్రవారం రా అన్నావు. సంత గురువారం."

అన్న మాట నిజమే. జిల్లా నుంచి క్లోరిన్ రాక అప్పటికి తొమ్మిది రోజులైంది. కానీ అది ఒక్కటే కాదు. ఆ చెలమ సంగతి ఫలేసికి అంతకు పది రోజుల ముందే ఎవరో చెప్పారు. ఆ రోజు నాలుగు ఊళ్ళు తిరిగి వచ్చింది, మోకాళ్ళు పట్టేశాయి. రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపు ఇంకో ఊళ్ళో ఇద్దరు పోయారు. తర్వాత ఆ చెలమ మాట మనసులోనే లేకుండా పోయింది.

అబీటి లేచి, మర్నాటి కోసం కాచి పెట్టిన రెండు కుండలూ పెరటి గుంటలో గుమ్మరించింది. వద్దని ఫలేసి అనలేదు. కంచె అవతలినుంచి ఇద్దరు ఆడవాళ్ళు చూశారు. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట: అబీటి విషం కలిపి అమ్మింది, దొరికిపోయిందని పారబోసింది.

మర్నాడు అబీటి ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. ఆమె బయటికి రాలేదు. రాలేకపోయింది. మిగిలిన అడుగు అంబలి పారబోయడం ఇష్టంలేక తనే తాగే అలవాటు ఆమెది. సంత రోజునా అలాగే తాగింది. ఫలేసి వెళ్ళేసరికి చాప మీద ముడుచుకుపోయి ఉంది, చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచిపోతోంది. రోడ్డు మీద బాడుగ సైకిళ్ళవాళ్ళు నలుగురుంటే, నలుగురూ మొహం తిప్పుకున్నారు. ఫలేసి తన సైకిలు వెనక ఆమెను కూర్చోబెట్టి, జారిపోకుండా కంగా గుడ్డతో సీటుకు కట్టి, బురదలో అయిదు కిలోమీటర్లు తోసుకుంటూ తీసుకొచ్చింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఏడ్చింది. ఎందుకో అడిగితే చెప్పగలిగేది కాదు. ఒంట్లో సత్తువ అయిపోయినప్పుడు కన్నీళ్ళు వాటంతటవే వస్తాయి.

డేరాలో ఖాళీ అయిన మంచం లజబు పక్కదే. నర్సు సెలైన్ ఎక్కించి వేరేవాళ్ళ దగ్గరికి పరుగెత్తింది. లజబుకు అప్పటికి కూర్చునే ఓపిక వచ్చింది. పక్కన పడుకున్నది ఎవరో చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన ఉప్పుపంచదార నీళ్ళ కప్పు తీసి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"తాగు అక్కా. నీది నేను తాగాను. ఇప్పుడు నాది నువ్వు తాగు. రుచి మాత్రం నీదే నయం."

అబీటి తాగింది. అటువైపు మంచాల్లోంచి ఎవరో నవ్వారు, ఎవరో తిట్టారు. కొండవైపు ఊరినుంచి వచ్చిన సినియా అనే బాలింత ఆ సాయంత్రం పోయింది. ఆమె కూడా గురువారం అంబలి తాగినదే.

దాంతో ఊరి పెద్ద మ్టీలా గారు మామిడితోపులో సభ పెట్టక తప్పలేదు. సినియా అన్నదమ్ములు వచ్చారు. అబీటి ఇక ఆ ఊళ్ళో అడుగు పెట్టకూడదని ఒకరు, ఇల్లు తగలబెట్టాలని ఒకరు. ఫలేసిని పిలిచింది లెక్కలు చెప్పమని. ఆమె కాగితాలు తెచ్చుకుంది కానీ విప్పలేదు.

"అబీటి నీళ్ళు కలిపింది నిజం," అంది. "ఆ ముందురోజు క్లోరిన్ అడిగితే లేదని తిప్పి పంపింది నేను. ఆ చెలమ ఉందని నాకు ముందే తెలుసు. అలిసిపోయి వెళ్ళలేదు. పంపు విరిగి నాలుగు నెలలు, అది మీ అందరికీ తెలుసు. తగలబెట్టాలంటే ఎన్ని ఇళ్ళని తగలబెడతారో చూసుకోండి."

సినియా పెద్దన్న ఆమె వైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు, "అలిసిపోయానన్నావు. మా చెల్లెలు కూడా అలిసిపోయే ఆ అంబలి తాగిందమ్మా. చంటిపిల్లను ఎత్తుకుని నడిచొచ్చింది." ఫలేసి తల దించుకుని నిలబడింది.

మ్టీలా గారు సభ ముగిసిందని కూడా చెప్పకుండా లేచి, కర్ర పట్టుకుని చెలమ వైపు నడిచారు. వెనకే కొందరు వెళ్ళారు. ముక్కు మూసుకుని తిరిగి వచ్చారు. ఆ సాయంత్రమే చెలమ మీద ముళ్ళకంప కప్పించారు. జిల్లాకు ఇద్దరిని పంపితే, పంపు పిడి పద్నాలుగు రోజులకు వచ్చింది. క్లోరిన్ అంతకంటే ముందే, ఒకేసారి ఆరు పెట్టెలు వచ్చాయి. ఈలోగా ఇంకో ముగ్గురు పోయారు. వాళ్ళు అంబలి తాగినవాళ్ళు కాదు, తాగినవాళ్ళకు సేవ చేసి, ఆ చేతులతోనే అన్నం పెట్టి, తామూ తిన్న తల్లులు.

అబీటి తొమ్మిది రోజులకు లేచింది. ఇంటికి పోతే తగలబెట్టలేదు గానీ పలకరించినవాళ్ళు లేరు. ఒకరోజు కుండలన్నీ కడిగి ఎండబెట్టింది. మర్నాడు వాటిని అక్కడే వదిలేసి, పిల్లలను తీసుకుని సరస్సు అవతల అన్న ఊరికి పడవెక్కింది. రేవు దగ్గర ఫలేసి నిలబడితే, "నీ మీద కోపం లేదు," అంది. "నిన్ను చూస్తే మాత్రం అదంతా గుర్తొస్తుంది. అందుకే పోతున్నా." ఆ మాటలో నింద లేదు కాబట్టి ఫలేసికి ఇంకా బరువైంది.

మార్చి వచ్చేసరికి డేరా విప్పేశారు. ఫలేసికి పై అధికారి నాలుగు రోజులు సెలవిచ్చాడు. రెండు రోజులు నిద్రపోయింది. మూడో రోజు కొండవైపు ఊరికి వెళ్ళి సినియా ఇంటి గుమ్మంలో నిలబడింది. పెద్దన్న ఆమెను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. పిల్లకు నాలుగో నెల. టీకా బాకీ ఉందని ఫలేసి చెప్పింది. కాసేపటికి అతను లోపలికి వెళ్ళి పిల్లను ఎత్తుకొచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. పిల్ల బరువుగానే ఉంది.